చలికి కందిన పాదములకు మంట మందు కాదు

చలికాలము రాగానే పాదముల బాధలన్నింటికీ మన ఇండ్లలో ఒకటే పేరు, పగుళ్ళు. ఒకటే చికిత్స, వేడి. ఈ రెండును సరిదిద్దుకొనవలసినవే అని నా అభిప్రాయము.

మా మాడుగుల తూర్పు కనుమల పాదమున ఉన్న ఊరు. ఇచ్చటి చలి సాధారణముగా కాళ్ళను కందించునంతటిది కాదు. కాని కొండలెక్కి పాడేరు, చింతపల్లి ప్రాంతములకు చేరినచో పరిస్థితి వేరు. సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలలందు ఒక్కొక్కప్పుడు ఉష్ణోగ్రత 5 డిగ్రీలకంటె దిగువకు పోవును. మంచు చూడవలెనని పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని తెల్లవారుజామున వెళ్ళు కుటుంబములెన్నో. తడిగడ్డిలో చెప్పులతో తిరిగి, చల్లబడిన కాళ్ళను చలిమంటకు దగ్గరగా చాచి కూర్చుందురు. చిక్కు అచ్చటనే ఉన్నది.

చలికి, తడికి కాలివేళ్ళలోని సన్నని రక్తనాళములు ముడుచుకొనును. వెంటనే తీవ్రమైన వేడి తగిలినచో రక్తము ఒక్కుమ్మడిగా వచ్చి, నాళములనుండి ద్రవము చుట్టునున్న కండలోనికి ఊరును. కొన్ని గంటలకు వేళ్ళు ఎర్రగానో, ఊదారంగుగానో కంది, వాచి, దురదయు మంటయు పుట్టును. దీనినే ఇంగ్లీషు వైద్యులు చిల్‌బ్లెయిన్స్ అందురు. మనము చలివాపు అనుకొందము.

ఇది మడమ పగులు కాదు. ఎక్కువగా నడచువారి పొడిబారిన పాదములలో వాతము వలన కలుగు పగుళ్ళను సుశ్రుతుడు పాదదారి అన్నాడు. బురదలో నానిన వేళ్ళ సందులు పాచి దురదపెట్టుటను అలసము అన్నాడు. పగుళ్ళకు నూనె, నేయి మేలు. పాచిన సందులకు పొడిదనము మేలు. చలివాపునకు కావలసినది నెమ్మదియైన వెచ్చదనము.

హేమంతమున ఎండను, స్వేదమును యుక్తితో సేవించవలెననియు, పాదరక్షలు ఎల్లప్పుడు ధరించవలెననియు వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించినాడు. గురుకులమున మేము దానిని వల్లెవేసినవారమే. వేడి మంచిదని అందరికీ తెలియును. ఆ యుక్తి అను మాటనే మరచుచున్నాము.

చలిలోనికి పోవుటకు ముందే గోరువెచ్చని నువ్వుల నూనెతో పాదములను మర్దించి, పొడి మేజోళ్ళు, వదులైన బూట్లు ధరించవలెను. మేజోళ్ళు తడిసినచో వెంటనే మార్చవలెను. తిరిగి వచ్చిన పిదప కాళ్ళు తుడిచి, ఉన్నిబట్టతో కప్పి, వాటంతట అవే వెచ్చబడనీయవలెను. వాపు వచ్చినచో గోకరాదు, గట్టిగా రుద్దరాదు. జిల్లేడు పాలు, సున్నము, కర్పూరము వంటివి పూయరాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు రక్తనాళములను మరింత బిగించును కనుక మానవలెను. ఇట్లు జాగ్రత్తపడినచో సాధారణముగా రెండు మూడు వారములలో తగ్గిపోవును.

మధుమేహము ఉన్నవారి విషయమున మాత్రము ఇంటివైద్యము చాలదు. వారిలో చాలమందికి పాదములలో స్పర్శ తగ్గియుండును. కాలు కాలుచున్నను తెలియదు; చలిమంటయు, వేడినీటి సంచియు వారికి పుండై, ఒక్కొక్కప్పుడు వేలినే పోగొట్టును. బొబ్బలు చితికినను, చీము పట్టినను, వేలు నల్లబడినను, మొద్దుబారినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. చలి లేని దినములలోను ఇట్టి వాపు వచ్చుచున్నచో దానికి వేరు కారణము ఉండవచ్చును, పరీక్షలు చేయించుకొనవలెను. ఆయుర్వేదముపై గౌరవమున్నవారు ఇందుకు సంకోచింపనక్కరలేదు. వ్యాధిని గుర్తించిన పిదపనే చికిత్స అనునది మన శాస్త్రము చెప్పినదే.

ఈ చలికాలము కొండలకు పోవువారు ఇంటిల్లిపాదికి ఒక్కొక్క జత పొడి మేజోళ్ళు అదనముగా సంచిలో పెట్టుకొనుడు. చలిమంట చుట్టు కూర్చుండుడు, కబుర్లు చెప్పుకొనుడు. పాదములను మాత్రము దూరముగా ఉంచుడు.