ట్రాక్టరు ఎంపికలో మనం అడగని ప్రశ్న

గత సంక్రాంతి సెలవులలో, అమెరికాలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. మాటల మధ్యలో తన కొత్త వాహనం సంగతి చెప్పాడు. పాత కారును ట్రైలరుపై ఎక్కించి వేరొక రాష్ట్రానికి తరలించవలసి వచ్చిందట. దానిని లాగడానికి ఒక మధ్యతరహా ఎస్.యు.వి. కొందామనుకొన్నాడు. ఆ తరగతి వాహనాలలో చాలావాటి లాగుడు పరిమితి 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,270 కిలోలు. అతని కారు బరువు 1,500 కిలోలు, కారును మోసే ట్రైలరు బరువు 900 కిలోలు. మొత్తం 2,400 కిలోలు. ఇంజను శక్తికి ఏ లోటూ లేకపోయినా, పరిమితి 130 కిలోలు మించుతున్నదని ఆ వాహనాన్ని వదలి, అంతకంటే హెచ్చు పరిమితి గలదానిని ఎంచుకొన్నాడు. ట్రైలరు మొత్తం బరువులో 10 నుండి 15 శాతం వాహనం కొక్కెంపై పడేటట్లు కారును ముందుకు జరిపి నిలపాలని, ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండాలని కూడా చెప్పాడు. ఐరోపా దేశాలలో 750 కిలోలు మించిన ట్రైలరుకు బ్రేకులు తప్పనిసరి అన్నది నేనెరిగినదే.

ఆ సాయంత్రం అతనిని బస్సు ఎక్కించడానికి కాలువగట్టు రోడ్డుపై వెళుతున్నాము. ధాన్యం బస్తాలు నిండిన ట్రక్కును లాగుతూ ఒక ట్రాక్టరు వంతెన దిగుతున్నది. బస్తాల మీద ఐదారుగురు కూలీలు కూర్చొని ఉన్నారు. "సార్, ఆ ట్రక్కుకు బ్రేకులు ఉంటాయా?" అని అడిగాడు. మన గ్రామాలలో తిరిగే ట్రక్కులలో చాలావాటికి ఉండవని చెప్పాను. ఆ తరువాత దారి పొడుగునా నన్ను వేధించినది మరొక విషయం. దాదాపు మూడు దశాబ్దాలుగా రైతు శిక్షణలలో పాల్గొంటున్న నేను ఆ ప్రశ్నను ఒక్క రైతునైనా అడగలేదు.

ట్రాక్టరును మనం దుక్కి యంత్రంగానే చూస్తాము. ఎన్ని ఎకరాలు, ఏ నేల, రోటవేటరు ఎంత వెడల్పు, దమ్ము ఎన్ని సాళ్లు అన్న ప్రశ్నల నుండి అశ్వశక్తిని సిఫారసు చేస్తాము. అయితే దుక్కి పనులు ఏడాదిలో కొన్ని వారాలే. మిగిలిన కాలమంతా అదే ట్రాక్టరు ఎరువు, ఇసుక, గడ్డి, చెరకు, ధాన్యం మోస్తూ రోడ్డు మీద ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రాక్టరును తాను స్వయంగా బరువు మోయడానికి నిర్మించబడని వాహనంగా నిర్వచించింది. బరువంతా వెనుక కట్టిన ట్రక్కుదే. ఆ ట్రక్కు గురించి మన సిఫారసులలో ఒక్క వాక్యమైనా లేకపోవడం లోపమే అని నా అభిప్రాయం.

శక్తి కలిగించే భ్రమ

ఒక సామాన్యమైన ఉదాహరణ తీసుకొందాము. 45 అశ్వశక్తి ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. రెండు చక్రాల ట్రక్కు ఖాళీ బరువు 1.5 టన్నులు. 75 కిలోల ధాన్యం బస్తాలు 80 వేస్తే 6 టన్నులు. ట్రక్కు 7.5 టన్నులు, మొత్తం 9.5 టన్నులు.

దీనిని సమతలమైన తారురోడ్డుపై గంటకు 20 కిలోమీటర్ల వేగంతో లాగడానికి, చక్రాల దొర్లుడు నిరోధం బరువులో 2.5 శాతం అనుకొంటే, 17 అశ్వశక్తి చాలు. నూరు మీటర్లకు 5 మీటర్లు లేచే వంతెన ఎక్కుడును 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి 26 అశ్వశక్తి చాలు. కాబట్టి ట్రాక్టరు లాగుతుంది, సునాయాసంగా లాగుతుంది. మరో 20 బస్తాలు వేసినా లాగుతుంది. ట్రాక్టరు కదలడాన్ని బట్టి బరువు తగినదేనని రైతు, డ్రైవరు నిర్ణయించుకొంటారు. ఈ భ్రమ అక్కడే మొదలవుతుంది.

ఆపడానికి ఉన్నదేమిటి?

సాధారణ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. ఆ చక్రాలపై ట్రాక్టరు స్వంత బరువులో సుమారు 1,300 కిలోలు ఉంటుందనుకొందాము. ట్రక్కు కొక్కెంపై 600 కిలోలు మోపుతుంది. కొక్కెం వెనుక ఇరుసుకు అవతల ఉండటం వలన ముందు చక్రాల బరువు దాదాపు 180 కిలోలు తగ్గి, అది కూడా వెనుకకు చేరుతుంది. అన్నీ కలిపితే సుమారు 2,080 కిలోలు. 9.5 టన్నులను ఆపవలసిన పట్టు అంతా ఈ రెండు టన్నుల ఒత్తిడి నుండే రావాలి.

గంటకు 25 కిలోమీటర్ల వేగం, పొడి తారురోడ్డుపై ఘర్షణ గుణకం 0.6 అని తీసుకొని ఉజ్జాయింపుగా లెక్క కట్టాను. ఒంటరి ట్రాక్టరు బ్రేకు పడిన తరువాత సుమారు 6 మీటర్లలో ఆగుతుంది. నిండు ట్రక్కుతో 16 మీటర్లు కావాలి. అదే 5 శాతం వంతెన దిగుడులో 24 మీటర్లు. వర్షానికి తడిసి, బురద పట్టిన రోడ్డుపై గుణకం 0.3కు పడిపోతే సమతలంలోనే 28 మీటర్లు. ఆ తడి రోడ్డే దిగుడయితే 70 మీటర్ల దాకా. డ్రైవరు చూసి, కాలు పెడలుపైకి తెచ్చేందుకు పట్టే ఒక్క సెకనులో గడిచే 7 మీటర్లు దీనికి అదనం. డీజిలు ఆదా అవుతుందని దిగుడులో న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఉన్నచోట ఇంజను నుండి రావలసిన నిరోధం కూడా పోతుంది.

దూరం ఒక్కటే ప్రమాదం కాదు. బ్రేకులు లేని ట్రక్కు ఆగే ట్రాక్టరును వెనుక నుండి నెడుతుంది. ట్రాక్టరు కొంచెం వంకరగా ఉన్నా ఆ నెట్టుడుకు అడ్డం తిరిగిపోతుంది. పొలంలో చిన్న మలుపుల కోసం కుడి ఎడమ చక్రాలకు వేర్వేరుగా ఉంచిన బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కలిపి బిగించకపోతే ఒక చక్రమే పట్టుకొని ఇదే ఫలితం వస్తుంది. ఎక్కుడులో పరిస్థితి మరొక రకం. తేలికైన ముందు చక్రాలు స్టీరింగు మాట వినవు. కొక్కెం వెనుక ఇరుసు కంటే ఎత్తున తగిలించితే ట్రాక్టరు వెనుకకు తిరగబడుతుంది. ఆ తిరగబాటుకు రెండు సెకన్లు కూడా పట్టదు. డ్రైవరు దూకడానికి వ్యవధి ఉండదు.

పెద్ద ట్రాక్టరు పరిష్కారమా?

ఇంత చెప్పిన తరువాత, అయితే బరువైన ట్రాక్టరునే సిఫారసు చేద్దామని కొందరు మిత్రులు అనవచ్చు. సేద్య విజ్ఞాన శాస్త్రజ్ఞుడిగా దీనికి నేను అంగీకరించలేను. రోడ్డు మీద పట్టునిచ్చే బరువే వరి మాగాణిలో నేలను అదుముతుంది. వెడల్పు టైర్లు పైపొరపై ఒత్తిడిని తగ్గిస్తాయి గాని, లోతు పొరలలో అదుముడును నిర్ణయించేది ఇరుసుపై పడే మొత్తం బరువు. మన ఉదాహరణలో ట్రక్కు ఇరుసుపై 6.9 టన్నులు ఉన్నది. కోత తరువాత తేమ ఆరని చేలో ఆ ట్రక్కును నింపి బయటకు తెస్తే, నాగలి చేరని లోతులో ఏర్పడిన గట్టి పొర తరువాతి అపరాల పంట వేళ్లను అడ్డుకొంటుంది. మితిమీరిన ట్రక్కు రోడ్డు మీద మనిషికి, చేలో నేలకు కూడా హాని చేస్తున్నదన్నమాట.

బ్రేకులు లేని ట్రైలరు, సరుకుతో కలిపి, ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు మించరాదని విదేశీ ట్రాక్టర్ల వినియోగ పుస్తకాలు హెచ్చరిస్తాయి. ఆ సూత్రాన్ని మన ఉదాహరణకు వర్తింపజేస్తే ట్రక్కు 3 టన్నులు మించరాదు. ఖాళీ ట్రక్కే 1.5 టన్నులు కాబట్టి మిగిలేది 20 బస్తాలు. 80 బస్తాలు వేసే రైతుకు 20 వేయమని చెబితే మన సలహాను ఎవరూ పాటించరు. కనుక ట్రక్కుకు బ్రేకులు అమర్చడమే ఆచరణయోగ్యమైన మార్గం. ట్రక్కు ఇరుసుపై ఉన్న బరువులో ఐదో వంతుకు సమానమైన బ్రేకు బలం లభించినా, పైన చెప్పిన 16 మీటర్లు 9 మీటర్లకు తగ్గుతాయి. మరొక 20 అశ్వశక్తి కొనడం కంటే ఇది ఎంతో చౌక.

ట్రిప్పుల లెక్క

రైతు వైపు నుండి వచ్చే అభ్యంతరం న్యాయమైనది. బరువు తగ్గిస్తే ట్రిప్పులు పెరుగుతాయి, కిరాయి పెరుగుతుంది. అయితే ఒక్క ట్రిప్పులోనే అంతా వేయాలన్న తొందరకు కారణం తరచుగా డీజిలు ఖర్చు కాదు. మిల్లు వద్ద, చక్కెర కర్మాగారం వద్ద గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రాత్రంతా వరుసలో నిలబడవలసి రావడం. రెండు ట్రిప్పులంటే రెండు నిరీక్షణలు. కాబట్టి కొనుగోలు కేంద్రాలలో సమయం కేటాయించి రైతును పిలిచే పద్ధతి రోడ్డు భద్రతకు కూడా సంబంధించినదే. రైతును మాత్రమే తప్పుపట్టి ఊరుకోవడం సరికాదు.

మనం చేయదగినవి

మొదటిది, ట్రాక్టరు ఎంపికపై సలహా ఇచ్చే ప్రతి విస్తరణ శాస్త్రవేత్త "దీని వెనుక ఏమి కడతారు, అది నిండినపుడు ఎంత తూగుతుంది?" అన్న ప్రశ్నతో ఆరంభించాలి. కాటా చీటీ ఒక్కటి చూస్తే జవాబు దొరుకుతుంది. రెండవది, మధ్యప్రదేశ్‌లోని బుద్ని సంస్థ వెలువరించే ట్రాక్టరు పరీక్షా నివేదికలలో పి.టి.ఓ. శక్తి, డ్రాబార్ శక్తితో పాటు బ్రేకు పరీక్ష ఫలితాలు కూడా ఉంటాయి. మన తరగతులలో మొదటి రెండింటినే చదివిస్తున్నాము. మూడవదానిని కూడా చదివించాలి. మూడవది, గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులు తమ గ్రామంలోని ట్రక్కులకు బ్రేకులు, కొక్కెం మేకుకు అడ్డుపిన్ను, రక్షణ గొలుసు, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉన్నవా లేవా అని నమోదు చేయాలి. దీనికి పరికరాలేవీ అక్కరలేదు, ఒక ఉదయం చాలు. నాల్గవది, గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ వంటి చోట్ల డ్రైవర్లకు, ముఖ్యంగా కిరాయి ట్రాక్టర్ల డ్రైవర్లకు, నిండు ట్రక్కుతో దిగుడు దిగే అభ్యాసం ఇప్పించాలి.

అయిదవది మన ఇంటి సంగతి. క్షేత్ర సందర్శనలకు విద్యార్థులను ట్రక్కులలో ఎక్కించి తీసుకొని వెళ్లిన రోజులు నాకు గుర్తున్నవి. నేనూ ఎక్కాను, ఎక్కించాను. అదృష్టం వలన ఏమీ జరగలేదు. మనమే ఎక్కిస్తూ కూలీలను ఎక్కవద్దని చెప్పే అర్హత మనకు ఉండదు.

నా విద్యార్థి తన పాత కారు కోసం 130 కిలోల తేడాను లెక్కలోకి తీసుకొన్నాడు. వంతెన దిగుతున్న ఆ ట్రక్కు, లెక్కకు అందినంతవరకు, నాలుగు టన్నులకు పైగా మితిమీరి ఉన్నది. దానిపై మనుషులు ఉన్నారు. అతడు లెక్క నేర్చుకొన్నది మన తరగతి గదులలోనే. రాబోయే రబీ కోతలకు ముందు జరిగే రైతు శిక్షణలలో ఆ లెక్కను నల్లబల్లపై వేయడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు నా పాఠంలో ఇకపై తప్పక ఉంటాయి. మీ పాఠాలలో కూడా ఉండాలని కోరుతున్నాను.