ఎదురు టవర్‌కి ఎంత దూరం?

2025 సెప్టెంబరు 7 రాత్రి గ్రేటర్ నోయిడాలోని మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పదిమందిమి చేరి సంపూర్ణ చంద్రగ్రహణం చూశాం. 11 గంటల నుంచి 12.22 దాకా, 82 నిమిషాల పాటు చంద్రుడు పూర్తిగా భూమి నీడలో ఉన్నాడు. మబ్బు అడ్డొచ్చినప్పుడల్లా ఆగుతూ, చిన్న టెలిస్కోప్‌కి కెమెరా బిగించి తీసిన ఫొటోలు, వీడియోలు మర్నాడు లెక్క చూస్తే 40 జీబీ తేలాయి.

వాటిని ముప్పైమందికి పంపాలి. అందులో ఒకరు ఎదురు టవర్‌లో ఉండే తెలుగు మిత్రుడు. మరొకరు శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు సైన్సు మాస్టారు. చంద్రుడి మీద పడిన భూమి నీడ అంచు ఎంత వంపు తిరిగిందో కొలిస్తే, చంద్రుడి కంటే భూమి ఎన్ని రెట్లు పెద్దదో పిల్లలే లెక్కగట్టవచ్చు. రెండువేల ఏళ్ల క్రితం గ్రీకు శాస్త్రవేత్త అరిస్టార్కస్ చేసినది ఇలాంటి లెక్కే. కొలతకు కుదించని ఫొటోలే కావాలి. వాట్సాప్‌లో పంపితే మామూలుగా ఫొటో నలిగి చిన్నదైపోతుంది. ఉచితంగా దొరికే క్లౌడ్ నిల్వకు 40 జీబీ పట్టదు.

"పెన్‌డ్రైవ్‌లో వేసి కొరియర్ చేసేయండి సార్, నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది" అన్నారు మాస్టారు. నవ్వొచ్చింది కానీ ఆయన మాటలో తప్పేం లేదు. కృష్ణబిలం తొలి చిత్రం కోసం 2017లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ సేకరించిన డేటా ఎంత ఎక్కువంటే, దాన్ని హార్డ్ డిస్కుల్లో నింపి విమానాల్లో తరలించారు. అయితే అది వేల టెరాబైట్ల సంగతి. మాది 40 జీబీ. పైగా మిత్రుడి బాల్కనీ మా బాల్కనీకి అరవై మీటర్ల దూరంలోనే ఉంది. ఇంత దగ్గరికి ఫైలు నేరుగా వెళ్లలేదా అనే పంతంతో పీర్-టు-పీర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాం. పని చేయించడానికి మూడు సాయంత్రాలు పట్టింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదని, మన ఇళ్లకు వస్తున్న ఇంటర్నెట్‌ను సగం దారి మూసి ఇస్తున్నారని ఆ మూడు సాయంత్రాల్లో అర్థమైంది. ఈ వ్యాసం దాని గురించే.

ఇటుకలు చేతులు మారినట్టు

ముందు లెక్క చూద్దాం. 40 జీబీ అంటే 320 గిగాబిట్లు. నా కనెక్షన్ అప్‌లోడ్ వేగం సెకనుకు 40 మెగాబిట్లు. ఒక్కరికి పంపడానికి 8,000 సెకన్లు, అంటే రెండుంపావు గంటలు పడుతుంది. ముప్పైమందికీ నేనే విడివిడిగా పంపితే దాదాపు 67 గంటలు. ఫైలును ముక్కలు చేసి, అందిన ముక్కను అందినవాళ్లు వెంటనే మిగతావాళ్లకు అందిస్తూ పోతే? అందరి అప్‌లోడ్ వేగమూ నాలాంటిదే అయితే, సిద్ధాంతరీత్యా ముప్పైమందికీ కలిపి రెండుంపావు గంటల్లోనే పని పూర్తవుతుంది. ఇల్లు కట్టేచోట కూలీలు వరుసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చుకుంటూ పైకి అందించడం చూశాం కదా, ఇదీ అంతే. ఆచరణలో ఇంత చక్కగా కుదరదు. అయినా 67 గంటలతో పోలిక ఉండదు.

2001లో బ్రామ్ కోహెన్ విడుదల చేసిన బిట్‌టోరెంట్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. గుంపులో అందరికంటే తక్కువమంది దగ్గరున్న ముక్కను ముందుగా తెచ్చుకోవడం, తనకు ఇచ్చినవారికి తిరిగి ఇవ్వడం దాని ప్రధాన నియమాలు. ప్రతి ముక్కకూ గణితపరమైన వేలిముద్ర, అంటే హ్యాష్, ఉంటుంది. దారిలో ఒక్క బిట్ మారినా హ్యాష్ సరిపోలదు. ఆ ముక్కను పారేసి మళ్లీ తెప్పించుకుంటుంది. పంపినవారు ఎవరో తెలియకపోయినా, అందినది అసలుదేనని రుజువు దొరుకుతుంది. శాస్త్రీయ డేటాకు ఇంతకంటే ఏం కావాలి?

గేటు దగ్గర ఆగిపోయిన చుట్టం

మొదటి సాయంత్రం మిత్రుడి తెర మీద "0 పీర్లు" అన్న మాట కదల్లేదు. అందరూ చేసేవే మేమూ చేశాం. కంప్యూటర్ ఫైర్‌వాల్‌లో ప్రోగ్రామ్‌కు అనుమతి ఇచ్చాం. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారకుండా సెట్ చేశాం. రౌటర్‌లోకి వెళ్లి, ఫలానా పోర్టుకు వచ్చిన డేటాను ఈ కంప్యూటర్‌కే పంపమని పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాం. ఫలితం శూన్యం.

రెండో రోజు చేసిన పరీక్షతో గుట్టు తెలిసింది. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. రౌటర్ సెట్టింగుల్లో ఇంటర్నెట్ వైపు ఉన్న చిరునామా ఏమిటో చూడండి. తర్వాత బ్రౌజర్‌లో 'నా ఐపీ చిరునామా ఏమిటి' అని వెతికి చూడండి. రెండూ ఒకటే అయితే పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేసే వీలుంది. వేరువేరుగా ఉండి, రౌటర్‌లో కనిపించేది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే, మీ రౌటర్‌కు పైన మీ కంపెనీ మరో పెద్ద రౌటర్ పెట్టిందన్నమాట. దాన్ని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. ఆ అంకెల శ్రేణిని 2012లో ఇందుకోసమే కేటాయించారు. మా రెండిళ్లలోనూ కనిపించింది అదే.

దాని సంగతి మా గ్రేటర్ నోయిడా సొసైటీల్లో ఉండేవారికి చప్పున అర్థమవుతుంది. వెయ్యి ఫ్లాట్లకు కలిపి వీధిలో ఒకటే చిరునామా. లోపలివాళ్లు బయటికి కబురు పంపితే, జవాబు తెచ్చినవాడిని సెక్యూరిటీ గుర్తుపెట్టుకుని సరైన ఫ్లాట్‌కు పంపుతాడు. పిలవకుండా వచ్చిన చుట్టం మాత్రం గేటు దాటలేడు. ఫ్లాట్ నంబరే లేని ఉత్తరాన్ని ఎవరికివ్వాలో సెక్యూరిటీకి తెలియదు. మేం ఇంటి తలుపులు బార్లా తెరిచి కూర్చున్నాం. చుట్టం మెయిన్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకేసారి తలుపు తట్టి దారి చేసుకునే ఉపాయం ఒకటుంది. హోల్ పంచింగ్ అంటారు. నాట్ రకాన్ని బట్టి ఒకచోట పనిచేస్తుంది, ఒకచోట పనిచేయదు. సింక్‌థింగ్ వంటి ప్రోగ్రామ్‌లు నేరుగా దారి దొరక్కపోతే మధ్యలో రిలే సర్వర్‌ను పట్టుకుంటాయి. మా ఫైలు అలా బయల్దేరింది కానీ నత్తనడకే. అరవై మీటర్ల దూరానికి మళ్లీ మూడో మనిషి సాయమే అక్కరకొచ్చింది.

కొరత తీరిపోయినా అలవాటు పోలేదు

కంపెనీలు ఇలా ఎందుకు చేస్తున్నాయంటే, పాత చిరునామాలు చాలవు కాబట్టి. 32 బిట్ల ఐపీవీ4లో ఉండేది మొత్తం 429 కోట్ల చిరునామాలే. అంతర్జాతీయ సంస్థ దగ్గరున్న ఖాళీ నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. మన దేశంలో ఇంటర్నెట్ కనెక్షన్లు 90 కోట్లు దాటాయి. చాలా చిరునామాలను వందలమంది పంచుకోక తప్పదు. ఇందులో కంపెనీలను తప్పుపట్టను.

కానీ మందు కూడా మన చేతిలోనే ఉంది. 128 బిట్ల ఐపీవీ6లో ప్రతి ఫోనుకు, ప్రతి ల్యాప్‌టాప్‌కు సొంత చిరునామా ఇవ్వవచ్చు. దాని వాడకంలో ప్రపంచంలో ముందున్న దేశాల్లో భారత్ ఒకటి. మరి అడ్డేమిటి? మూడో సాయంత్రం అదీ తెలిసింది. నా రౌటర్‌లో ఐపీవీ6 పనిచేస్తోంది, కానీ బయటి నుంచి వచ్చే కనెక్షన్లన్నిటినీ ఫైర్‌వాల్ ఆపేస్తోంది. మిత్రుడి రౌటర్‌లోనైతే ఐపీవీ6నే ఆపేసి ఉంచారు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "వీడియోలు బాగానే వస్తున్నాయి కదా సార్?" అని ఎదురు ప్రశ్న. నా కనెక్షన్ వీడియోలు చూడటానికే అన్నది వాళ్ల లెక్క.

చివరికి మిత్రుడి రౌటర్‌లో ఐపీవీ6 ఆన్ చేసి, నా ఫైర్‌వాల్‌లో ఒక్క పోర్టు మాత్రం తెరిచాం. వెంటనే నేరుగా కలిశాయి. ఇద్దరిలో ఒకరి తలుపు తెరిచి ఉన్నా చాలు, రెండోవారు వచ్చి తట్టగలరు. మాస్టారి స్కూల్లో పాత ఐపీవీ4 మాత్రమే ఉంది. అక్కడికి హైదరాబాద్‌లోని మరో స్నేహితుడు వంతెన అయ్యాడు. అతనికి సొంత ఐపీవీ4 చిరునామాతో పాటు ఐపీవీ6 కూడా ఉంది. మా దగ్గర కొత్త దారిలో తీసుకున్న ముక్కలను పాత దారిలో మాస్టారికి ఇచ్చాడు. కొరియర్ కంటే ముందే గ్రహణం స్కూలుకు చేరింది.

దొంగ సొత్తు ముద్ర

మనలో చాలామందికి టోరెంట్ అంటే కొత్త సినిమా దొంగ ప్రింటు. ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. అనుమతి లేని సినిమాను సీడ్ చేయడమంటే పంచిపెట్టడమే. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద అలాంటి నేరానికి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. కానీ తప్పు వాడినవారిదా, పద్ధతిదా? 2012లో తమిళ సినిమా '3' పైరసీ విషయంలో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు చూపి, ఇంటర్నెట్ కంపెనీలు టోరెంట్ సైట్లతో పాటు విమియో వంటి వీడియో సైట్లను కూడా మొత్తంగా మూసేశాయి. మూయాల్సింది నేరం చేసిన లింకులను, సైట్లను మొత్తంగా కాదని అదే ఏడాది కోర్టు స్పష్టం చేయాల్సి వచ్చింది. ఉబుంటు, డెబియన్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పుస్తకాలు ఏళ్లుగా టోరెంట్ల ద్వారా చట్టబద్ధంగానే అందుతున్నాయి.

భద్రత గురించి వచ్చే అభ్యంతరం ఇంకా బలమైనది. తలుపు తెరిస్తే దొంగ కూడా రావచ్చు. గుంపులో ఉన్నవారికి మన ఐపీ చిరునామా కనిపిస్తుంది. అందుకే ఫైర్‌వాల్ మొత్తం ఎత్తేయమని నేను అనను. ఒక్క పోర్టు, ఒక్క ప్రోగ్రామ్, పంచడానికి విడిగా ఒక్క ఫోల్డర్, పని అయ్యాక మూసేయడం. పోర్టులను తమంతట తామే తెరుచుకునే యూపీఎన్‌పీని ఆపేసి ఉంచడమే మేలు. క్లౌడ్ వద్దని కూడా అనడం లేదు. నా ల్యాప్‌టాప్ ఆగిపోయినా ఫైలు భద్రంగా ఉండాలంటే క్లౌడ్ కావాలి. నేను అడిగేది రెండో దారి కూడా ఉండాలనే.

అడగాల్సినవి

దేశంలోని డేటా దేశంలోనే తిరగాలి, విదేశాల మీదుగా చుట్టి రాకూడదన్న ఆలోచనతో 2003లో నిక్సీ ఏర్పడింది. దాని మొదటి ఎక్స్చేంజ్ పెట్టింది మా పొరుగునే, నోయిడాలో. 2022 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో యోట్టా డీ1 అనే భారీ డేటా సెంటర్ మొదలైంది. అందరి డేటానూ దాచిపెట్టే పెద్ద గిడ్డంగులు మా ఊళ్లో లేస్తున్నాయి. ఇంటి నుంచి ఇంటికి వెళ్లే చిన్న దారి మాత్రం మూసి ఉంది.

కాబట్టి నా వంతు మూడు మాటలు. ఇంటర్నెట్ కంపెనీలు ఇచ్చే ప్రతి రౌటర్‌లో ఐపీవీ6 మొదటి నుంచే ఆన్‌లో ఉండాలి. కోరుకున్న ఒక్క పోర్టు తెరుచుకునే వీలు మామూలు మనిషికి అర్థమయ్యేలా ఉండాలి. కనెక్షన్ అమ్మేటప్పుడే అది క్యారియర్ గ్రేడ్ నాట్ వెనుక ఉంటుందో లేదో చెప్పాలి. డౌన్‌లోడ్ వేగాన్ని పెద్ద అక్షరాల్లో వేసేవారికి ఇది కష్టం కాదు.

ప్రజాధనంతో సేకరించిన శాస్త్రీయ డేటాకు వెబ్‌సైట్ లింకుతో పాటు టోరెంటు, హ్యాష్ కూడా ఇవ్వాలి. చంద్రయాన్-2, ఆదిత్య-ఎల్1 డేటాను ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పెట్టడం సంతోషించాల్సిన విషయం. అలాంటి డేటాను పది విశ్వవిద్యాలయాలు సీడ్ చేస్తే, ఒక సర్వర్ ఆగిన రోజు కూడా విద్యార్థి పని ఆగదు.

మూడోది, ఇంజనీరింగ్ కాలేజీల నెట్‌వర్క్ ల్యాబుల్లో దీన్ని చేసి చూపించాలి. చిరునామాలు, పోర్టులు, హ్యాష్‌లు, అన్నీ ఒక్క ప్రయోగంలో తెలిసొస్తాయి.

మాస్టారు మొన్న ఫోన్ చేశారు. పిల్లలు నీడ అంచు మీద మూడు చుక్కలు పెట్టి వృత్తం గీశారట. భూమి చంద్రుడి కంటే మూడు రెట్లు పెద్దదని ఒకమ్మాయి లెక్క తేల్చింది, అసలు విలువ 3.7. నీడ చివరికి వచ్చేసరికి సన్నబడుతుంది కాబట్టి లెక్క తగ్గిందని మాస్టారు చెబితే, ఎంత తగ్గాలో కూడా చూస్తానందట. స్కూలు కంప్యూటర్ ఇప్పుడు ఆ 40 జీబీని సీడ్ చేస్తోంది. పక్క మండలం స్కూలు అడిగితే, ముక్కలు అక్కడి నుంచే వెళ్తాయి.