ఉప్పు గీత వెంట ఎనిమిది కిలోమీటర్లు

ఫాల్గుణంలో అంతర్వేది ఖాళీగా ఉంటుంది. మాఘమాసం తీర్థానికి వచ్చిన జనం వెళ్ళిపోయుంటారు, ఎండ ఇంకా ముదరదు. నడవడానికి ఇదే టైము. గుడి దగ్గర మొదలుపెట్టి, సముద్రం ఒడ్డుకెళ్ళి, గోదారి గట్టు పట్టుకుని పైకొచ్చి, పొలాల మీదుగా మళ్ళీ గుడికి. నా ఫోన్ లెక్కలో ఎనిమిది కిలోమీటర్లు. తీరిగ్గా నడిస్తే ఒక పూట.

నరసాపురం దాకా రైలుంది. అక్కడ రేవులో పంటు ఎక్కితే అవతల సఖినేటిపల్లి. అన్నట్టు, ఈ రేవు పక్క మాధవాయిపాలెంలో ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం చేసింది. మడపోలం అనే నూలు గుడ్డకి ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది.

బయల్దేరే ముందు పోటు ఎప్పుడో కనుక్కోండి. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఆ టైము రోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. నీళ్ళు దిగేటప్పుడు నడిస్తే ఒడ్డు గట్టిగా ఉంటుంది, ఎర్ర పీతలు కూడా కనిపిస్తాయి.

లైట్‌హౌస్ దగ్గర్లోనే వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటుంది. అక్కడివాళ్ళు అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. వరదల రోజుల్లో ఇక్కడ ఎర్రనీళ్ళు సముద్రాన్ని తోసుకుంటూ పోతాయి. ఇప్పుడు అంతా రివర్స్. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి డెల్టా బతికేది కాలవల మీదే. ధవళేశ్వరం దగ్గర దాళ్వాకి నీళ్ళు మళ్ళించాక కిందికి వచ్చేది కొంచెమే. నది తోపు తగ్గితే సముద్రం ఊరుకోదు కదా, పోటుతో పాటు లోపలికొస్తుంది. ఈ కాలంలో మీ పక్కన పారుతున్నది చూడ్డానికి గోదారి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే సముద్రం.

గట్టు వెంట మడ చెట్లు. వేళ్ళు బురదలోంచి పెన్సిళ్ళలా పైకి లేచి ఉంటాయి. చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. ఒక లకుముకి పిట్ట కొమ్మ కొమ్మకీ నా కన్నా ముందు ఎగురుతూ చాలా దూరం వచ్చింది. ఇక్కడ తొందరపడకండి, కాసేపు కూర్చోండి.

నది వదిలి లోపలికి తిరిగితే కొబ్బరి తోటలు, మామిడి పూత వాసన, ఆ తర్వాత రొయ్యల చెరువులు. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ ఒకటే గోల. కుక్కలు, పీతలు రాకుండా చుట్టూ వలలు. జబ్బులు రాకుండా చూసుకోవాలిగా, వాళ్ళ బాధ వాళ్ళది. కానీ ఒకప్పుడు ఊళ్ళోవాళ్ళంతా నడిచిన గట్లు ఇప్పుడు కంచెల్లో ఉన్నాయి. మ్యాప్‌లో ఈ దారులు అసలే లేవు. "ఇటు పోవచ్చాండీ?" అని అడుగుతూ పోవాల్సిందే. రెండు చోట్ల వెనక్కి తిరిగొచ్చాను.

చివరికి మిగిలిన దారుల్లో ఒకటి మా మావయ్య చేని గట్టు. ఎకరం వరి, మూడు పక్కలా చెరువులే. ఆయన చేలో నిలబడి ఓ మూల చూపించాడు. నాలుగు వరసలు ఎర్రబడి, గింజ పట్టకుండా నిలబడ్డాయి.

"పక్కోళ్ళ ఉప్పు ఎలాగూ ఊరుతోందిరా. నేనూ లీజుకిచ్చేస్తే పోలా? డబ్బులు ముందే ఇస్తామంటున్నారు. నువ్వేమంటావు?"

నెలనెలా జీతం అకౌంట్లో పడేవాణ్ణి, వద్దని ఎలా అంటాను? అలాగని ఇచ్చెయ్యమనీ అనలేకపోయాను. ఉప్పునీళ్ళు పెట్టిన నేలలో మళ్ళీ వరి పండించడం ఎంత కష్టమో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. "దీని అవతల శివారు చేను ఇంకోటుంది మావయ్యా, నీ తర్వాత ఉప్పు దానికే కదా" అన్నాను.

"వాడూ నన్నే అడుగుతున్నాడు, నువ్వు ఇస్తున్నావా అని" అన్నాడు.

ఏ సంగతీ ఉగాది తర్వాత చెప్తానన్నాడట వాళ్ళకి. కాబట్టి ఈ దారిలో చుట్టూ తిరిగి రావాలనుకునేవాళ్ళు ఈ నెల్లోనే వెళ్ళండి. నీళ్ళ బాటిల్ మాత్రం మర్చిపోకండి, చివరి మూడు కిలోమీటర్లలో ఏ బోరు నీళ్ళూ నోట్లో పెట్టుకోలేం.