పాత ఆటోకు కొత్త బలమా?

నిజామాబాద్ కంఠేశ్వర్‌లోనో, బోధన్ పల్లెల్లోనో పాత టూ-స్ట్రోక్ బజాజ్ ఆటోను ముచ్చటపడి ఉంచుకున్నవారు, బండి లాగడం లేదనగానే సిలిండర్ బోర్ పెంచాలనుకోవడం తొందరపాటు. పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలే ఈ 150 సీసీ లోపు ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ పోర్టు, సైలెన్సర్ మసితో పూడుకుపోతాయి. రింగులు అరిగితే కంప్రెషన్ పడిపోతుంది; క్రాంక్ ఆయిల్ సీళ్లు పాడైతే గాలి దూరి మిశ్రమం చెడుతుంది. ముందు వీటిని బాగుచేయిస్తే పోయిన బలం చాలావరకు తిరిగొస్తుంది. అది చాలదని పోర్టులు కోసి, పెద్ద కార్బురేటర్ బిగిస్తే వేడి పెరిగి పిస్టన్ పట్టేసే ప్రమాదముంది, బ్రేకులేమో పాతవే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఇష్టారాజ్యపు మార్పులను ఒప్పుకోదు. పాత మెకానిక్కులకు తెలిసిన ఈ మరమ్మతు పనిని నిజామాబాద్ ఐటీఐ విద్యార్థులకు ఇప్పుడే నేర్పించాలి.