పూటకూళ్ళ ఇంట్లో దేవుళ్ళు

"తెల్లవాళ్ళకు డబ్బు తెలుసు గానీ అతిథి మర్యాద ఎక్కడ తెలుసు మాస్టారూ! అతిథిని దేవుడన్న జాతి లోకంలో మనదొక్కటే."

ఉదయపు నడక ముగించుకొని పార్కు బల్ల మీద కూర్చున్న వేళ ఒక విశ్రాంత మిత్రుడు ఈ తీర్పు వినిపించారు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. తీర్పుకు ఆధారం మా ఇటలీ ప్రయాణమే. మాతో వచ్చిన వారిలో ఒకరు, "భారతీయులమని హోటల్లో మమ్మల్ని అవమానించారు" అని ఫోనులో బంధువులకు చెప్పారు. ఆ మాట నోట నోట నాని, ఊళ్ళు తిరిగి, చివరకు మా పార్కు బల్ల దాకా వచ్చింది. ఆ హోటల్లో ఆరు రాత్రులు నేనూ ఉన్నాను. జరిగినది కళ్ళారా చూశాను. కనుక ఈ తీర్పును ఖండించే అర్హత నాకుంది. అర్హత కంటే బాధ్యత పెద్దది. మాట్లాడవలసిన చోట ఆ రోజు నేను నోరు మెదపలేదు.

ముందుగా స్థల పరిచయం. ఇటలీ తూర్పు తీరాన, ఏడ్రియాటిక్ సముద్రపుటొడ్డున రిమిని అనే పట్టణం ఉంది. క్రీ.పూ. 49లో జూలియస్ సీజరు రూబికాన్ నదిని దాటి మొదట స్వాధీనం చేసుకున్న ఊరు ఇదే. క్రీ.పూ. 27 నాటి అగస్టసు తోరణం, క్రీ.శ. 21లో తిబేరియసు కాలాన పూర్తయిన రాతి వంతెన నేటికీ నిలిచి ఉన్నాయి. సినీ దర్శకుడు ఫెలిని 1920లో పుట్టినది ఇక్కడే. 1843లో మొదటి సముద్రస్నానశాల వెలసిన నాటి నుండి ఇది విహారస్థలం. తొలినాళ్ళలో శ్రీమంతులకే పరిమితం. 1908లో తెరచిన గ్రాండ్ హోటలు ఆ వైభవానికి గుర్తుగా నేటికీ ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో, 1943-44లలో, బాంబుదాడులకు ఊరిలో అధికభాగం నేలమట్టమైంది. ఆ శిథిలాల మీద ఊరిని తిరిగి నిలబెట్టిన వారిలో సామాన్య కుటుంబాల వారు ఎందరో ఉన్నారు. ఉన్న ఇంటికి నాలుగు గదులు జోడించి, వచ్చినవారికి పడకా భోజనమూ ఏర్పాటు చేసి, చిన్న చిన్న వసతిగృహాలు నడుపుకున్నారు. వాటిని అక్కడ 'పెన్సియోనె' అంటారు. ఇల్లాలిది వంట, ఇంటాయనది లెక్క, పిల్లలది వడ్డన. ఇల్లు నడిపే ఇల్లాలికి ఆ ప్రాంతపు మాండలికంలో 'అజ్దోరా' అని గౌరవవాచకం కూడా ఉంది.

ఈ సంగతి తెలిసినప్పుడు నాకు వెంటనే స్ఫురించిన మాట, పూటకూళ్ళ ఇల్లు. ఓరుగల్లులో ఒక్క రూకకు దొరికిన పూటకూటి భోజనాన్ని క్రీడాభిరామం నోరూరేలా వర్ణించింది. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువాడు ఉండడు. అయితే పొరుగూరి అన్నం తిని రుచిని మెచ్చుకున్న మనమే, ఆ అన్నం పెట్టిన మనిషిని మాత్రం చులకన చేశాము. అన్నవిక్రయం పాపమన్నాము. ఆ పాపంతో కడుపు నింపుకున్నవాడికి పాపం అంటదు కాబోలు! రిమినిలో మా వాళ్ళ ప్రవర్తనకు మూలం ఈ పాత చులకనలోనే ఉందని నా అభిప్రాయం.

మా అబ్బాయి జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్ నెలలో రెండు కార్లలో బయలుదేరాము. అబ్బాయీ కోడలూ, నేనూ మా ఆవిడా, వాడి స్నేహితుడూ భార్యా, ఇంకా పెళ్ళి కాని ఇద్దరు కుర్రవాళ్ళు, వెరసి ఎనమండుగురం. రెండు నక్షత్రాల హోటల్లో, ఉదయపు ఫలహారం, రాత్రి భోజనం కలిపి, మూడు గదులు తీసుకున్నారు. చెప్పినది ఆరుగురికి. మిగిలిన ఇద్దరూ రాత్రి పొద్దుపోయాక, ఇంటావిడ నిద్రకు ఉపక్రమించాక, చప్పుడు చేయకుండా మెట్లెక్కి వచ్చేవారు. నాకు ఈ సంగతి మొదటి రాత్రే తెలుసు.

గదులు చిన్నవి. లిఫ్టు లేదు. కానీ దుప్పట్లు మల్లెపూవుల్లా ఉన్నాయి. తలుపు వెనుక గది ధర అచ్చువేసిన కాగితం అతికించి ఉంది. స్నానపు గదిలో నీటితో శుభ్రపరచుకునేందుకు ప్రత్యేకమైన తొట్టి ఉంది. అక్కడి ఇళ్ళన్నిటా అది ఉండి తీరాలని 1975లోనే నిబంధన చేశారట! ఐరోపాలో నీళ్ళు దొరకవని ఎగతాళి చేసే మనవాళ్ళు దానిలో కాళ్ళు కడుక్కున్నారు.

మూడవ నాడు సంగతి బయటపడింది. ఇంటావిడ ఉదయం గదుల్లో దుప్పట్లు మార్చబోయి, నేల మీద పరచిన పడకలు చూసింది. ఆ తరువాత జరిగినదాని మీదనే మా వాళ్ళు మూడు నేరాలు మోపారు. ఒక్కొక్కటే విచారిద్దాము.

మొదటి నేరం: డబ్బు గుంజింది. దొంగచాటుగా పడుకున్న ఇద్దరికీ ఇక మీదటి రాత్రులకు, తలుపు వెనుక కాగితంలో ఉన్న ధరే అడిగింది. గడచిన రెండు రాత్రులకు అడగలేదు. పైగా మనిషికి, రాత్రికి ఇంత అని పట్టణపు పన్ను వేసిందట. ఆ పన్ను ఆవిడ వేసినది కాదు. బస చేసేవారి నుండి పన్ను వసూలు చేసుకొనే అధికారం 2011 నాటి చట్టం అక్కడి పురపాలక సంఘాలకు ఇచ్చింది. వసూలు చేసి పురపాలక సంఘానికి అప్పగించడం వరకే హోటలువారి పని. పన్ను వివరం వాకిట్లో బల్ల మీదనే ఉంది. ఇంటికి రాగానే ఒక్కొక్కరి చేతి ఫోను ఖరీదు చెప్పుకొని మురిసేవారు, తలకు రెండు యూరోలైనా లేని పన్ను దగ్గర అరగంట వాదించారు.

రెండవ నేరం: పాస్‌పోర్టులు అడిగి దొంగల్లా చూసింది. బస చేసిన ప్రతి మనిషి వివరాలనూ పోలీసులకు తెలపాలని ఇటలీలో 1931 నాటి చట్టం ఉంది. గడువు ఇరవైనాలుగు గంటలే. తెలపకపోతే శిక్ష బస చేసినవాడికి కాదు, బస ఇచ్చినవారికి. పక్క బల్ల మీది జర్మను దంపతులూ తమ పత్రాలు ఇచ్చినవారే. మనం మిగుల్చుకోదలచిన కొద్దిపాటి సొమ్ముకు, డెబ్బైయేళ్ళ ఆ ఇల్లాలిని మనం పోలీసుస్టేషను గడప దాకా తీసుకుపోయాము. ఆ మాట మా వాళ్ళకు తట్టలేదు. నాకు తట్టినా పైకి చెప్పలేదు.

మూడవ నేరం: వండుకోనివ్వలేదు. వెంట తెచ్చిన విద్యుత్తు పొయ్యి మీద గదిలో పోపు వేశారు. భోజనాల వేళ ఆ అంతస్తంతా చీకటైంది. పొగ వరండా నిండా పాకింది. ఆవిడ వచ్చి పొయ్యి అందుకొని కిందికి తీసుకుపోయింది. వెళ్ళేనాడు శుభ్రంగా తుడిచి తిరిగి ఇచ్చింది.

ఈ మూడింటిలో అవమానం ఎక్కడుందో విజ్ఞులు చెప్పాలి. ఉంది, ఒక్క చోట ఉంది. పాస్‌పోర్టులు అడిగినప్పుడు కుర్రవాళ్ళలో ఒకడు గొంతు పెంచి, "రేసిస్టు" అన్నాడు. ఆ మాట ఇటాలియనులోనూ దాదాపు అలాగే ఉంటుంది. ఆవిడకు అర్థమైంది. ముఖం పాలిపోయింది. మారుమాట అనలేదు. చేయి చాచి పాస్‌పోర్టుల కోసం అలాగే నిలబడింది. ఆ గదిలో అందరికంటే పెద్దవాణ్ణి నేను. ముప్పైనాలుగేళ్ళు పిల్లలకు నీతిపద్యాలు చెప్పినవాణ్ణి. తల వంచుకొని నా కాఫీ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు మా వాళ్ళెవరూ ఫోనులో చెప్పని సంగతి ఒకటి చెబుతాను. నేను శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. కోడలు ఆ వివరం చీటీ మీద రాసి మొదటి సాయంత్రమే ఇచ్చింది. బల్ల మీద బుట్టలో వేడి వేడి రొట్టెలున్నాయి. మన పుల్కాలకు అన్నగారిలా ఉండే ఆ రొట్టెను 'పియదీనా' అంటారు. పిండి, నీళ్ళు, ఉప్పు, అంతే కదా అనుకొని చేయి చాపాను. వంటగది గుమ్మంలో నిలిచి చూస్తున్న ఆవిడ గబగబా వచ్చి, చేయి అడ్డుపెట్టి, "స్త్రుత్తో, స్త్రుత్తో" అంది. నాకు బోధపడలేదు. ఆవిడ మనుమడు ఇంగ్లీషులో చెప్పాడు. పందికొవ్వు! సంప్రదాయరీతిలో ఆ రొట్టె పిండిని పందికొవ్వుతో కలుపుతారు. బుట్ట తీసుకుపోయింది. మర్నాడు నా కోసం ఆలివు నూనెతో వేరుగా చేసి, నమ్మకం కోసం నూనె సీసా తెచ్చి చూపింది. ఆ ప్రాంతంలో చేతితో చేసే 'తల్యతెల్లె' అనే సేమ్యా వంటి పదార్థంలో గుడ్డు కలుస్తుంది. దానికి బదులు ఉత్త గోధుమరవ్వతో చేసినది ఉడికించి పెట్టింది.

ఆవిడ చెప్పకపోతే నేను తినేవాణ్ణి. నాకు ఎన్నటికీ తెలిసేది కాదు. ఆవిడకు దమ్మిడీ నష్టం లేదు. తన మతం కాని, తన భాష కాని ఒక ముసలివాడి నియమాన్ని, అతడు చూడని చోట ఆవిడ కాపాడింది. అదే రాత్రి, ఆవిడ చూడని చోట మనం ఇద్దరు మనుషుల్ని పై అంతస్తులో దాచాము. ఇక అతిథి ధర్మం ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో మిత్రులు తేల్చాలి.

శాస్త్రం మాటకు వద్దాము. అతిథి అంటే తిథి నియమం లేనివాడని మన పెద్దలు వ్యుత్పత్తి చెప్పారు. చెప్పాపెట్టకుండా ఆకలితో వాకిట నిలిచినవాడు అతిథి. నెల ముందు తేదీ నిర్ణయించుకొని, ధరలు నాలుగు చోట్ల సరిపోల్చి, అన్నిటిలో చవకైనది చూసి వచ్చినవాడు ఏ వ్యుత్పత్తి చేత అతిథి అవుతాడు? అది ఒప్పందం. ఒప్పందంలో ఇరువైపులా ధర్మం ఉంటుంది.

పోనీ, అతిథే అనుకుందాము. అతిథిని దేవునిగా భావించమన్నది తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోని ఉపదేశం. ఎవరికి చేసిన ఉపదేశం? చదువు ముగించుకొని గృహస్థు కాబోతున్న శిష్యుడికి గురువు చేసినది. ఇంటివాడికి చెప్పిన మాట అది. వచ్చినవాడు విస్తరి ముందు కూర్చొని, "నేను దేవుణ్ణి, నన్ను కొలువు" అని గద్దించేందుకు చెప్పినది కాదు. కర్తవ్యంగా పుట్టిన వాక్యాన్ని మనం హక్కుపత్రంగా మార్చుకున్నాము. మన ఇంటికి వచ్చినవాడికి చేయవలసిన సేవను, మనం పోయిన చోట వసూలు చేయబోతున్నాము.

ఇటాలియను భాషలో ఒక చిత్రమైన పదం ఉంది, 'ఓస్పితె'. దానికి అతిథి అని అర్థం. ఆతిథ్యం ఇచ్చేవారు అని కూడా అర్థమే. లాటిను నాటి నుండి ఆ రెండర్థాలూ ఒక్క పదంలోనే ఉన్నాయి. ఇద్దరినీ ఒకే మాటతో పిలిచే భాషలో, ఒకరు దేవుడూ మరొకరు దాసుడూ కావడానికి వీలు లేదు. మన వాక్యం గొప్పదే, కాదనను. ఈ పదం కూడా నేర్చుకోదగినదే అంటున్నాను.

నేను ఇటలీ భక్తుణ్ణి కాను. అక్కడి సముద్రతీరాన్ని చూస్తే నాకు కడుపు మండింది. ఇసుకనంతా వాటాలు వేసి అంకెలు తగిలించి, గొడుగుకింత, పడకకింత అని అద్దెకు ఇస్తారు. ఉచితంగా కూర్చునే జాగా వెదుక్కోవలసిందే. ఆ కౌళ్ళను బహిరంగ పోటీ పద్ధతిన ఇవ్వాలని 2006 నాటి ఐరోపా ఆదేశం చెప్పినా, అక్కడి ప్రభుత్వాలు పాత కౌలుదార్లకే ఏళ్ళ తరబడి గడువు పొడిగిస్తూ వచ్చాయి. విమర్శించదలచినవారికి అక్కడ కావలసినంత ఉంది. మా వాళ్ళు దాన్ని విమర్శించలేదు. గొడుగు అద్దె కిక్కురుమనకుండా చెల్లించారు. వాదం పెట్టుకున్నది ముసలి ఇల్లాలితోనే!

రంగును బట్టి మనిషిని తక్కువ చేసేవారు ఐరోపాలో లేరనీ నేను అనను. మ్యూనిక్‌లో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు మా అబ్బాయి అటువంటివారిని చూశాడు. ఫోనులో మర్యాదగా మాట్లాడినవారు, మనిషిని చూడగానే ఇల్లు ఖాళీ లేదన్నారు. అది నిజమైన గాయం. ఆ గాయానికి పెట్టవలసిన పేరును, మన తప్పు కప్పిపుచ్చుకోవడానికి వాడితే ఏమవుతుంది? 'నాన్నా పులి' కథ పసిపిల్లలకూ తెలుసు. రేపు నిజంగా అవమానపడిన మనవాడు మొరపెట్టుకున్ననాడు, వినేవాడు ఉండడు.

వచ్చేసే ఉదయం ఆవిడ లెక్క కట్టి రసీదు ఇచ్చింది. కాగితంలో ఉన్నదాని కంటే ఒక్క యూరో ఎక్కువ లేదు. చిరునవ్వు మాత్రం లేదు. ఎందుకుంటుంది? నేను చేతులు జోడించాను. ఆవిడ తల పంకించింది. అది వీడ్కోలు నమస్కారమనుకుందో, క్షమాపణ అని గ్రహించిందో నాకు తెలియదు.

దారిలో, ఆల్ప్స్ కొండల నడుమ కారు ఆపినప్పుడు మా అబ్బాయి మెల్లగా అన్నాడు: "నాన్నగారూ, ఆ రోజు మీరైనా ఒక మాట అనవలసింది. మీరంటే వాళ్ళు వినేవాళ్ళు."

అనవలసింది. ఆవిడ ముందు, ఆ గదిలోనే, ఆ కుర్రవాడితో అనవలసింది. అప్పుడు అనలేదు కనుక ఇప్పుడు ఇంత పొడుగున చెప్పవలసి వచ్చింది. రేపు ఉదయం పార్కు బల్ల దగ్గర కూడా చెబుతాను.

స్వస్తి.