స్టూడియో లేదని కథ ఆపేస్తారా?

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఎవర్ని కదిపినా ఒకటే పాట: "మా ఊళ్ళో బుర్రకథ చెప్పే పెద్దాయనున్నాడండీ, రికార్డు చేయిద్దామంటే స్టూడియో ఖర్చు..."

ఆపండి బాబూ! షేక్ నాజర్‌కి 1986లో పద్మశ్రీ వచ్చిందని గొప్పలు చెప్పుకుంటాం, పక్కూరి ముసలాయన గొంతు దాచడానికి మాత్రం ఏసీ గది కావాలి. బుర్రకథంటే తంబుర, అందెలతో కథకుడు, పక్కన డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చెప్పేది. అద్దాల గదుల్లో విడివిడిగా నిలబెడితే చచ్చూరుకుంటుంది. హాల్లో నాలుగు దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపి, చవక యుఎస్‌బి మైకు కథకుడికి దగ్గరగా పెట్టి, డక్కీల్ని వెనక్కి జరపండి. సాఫ్ట్‌వేరా? అడాసిటీ 2000 నుంచీ ఉచితమే. కొల్లేటి లంకల్లో అయితే చేపల చెరువుల మోటార్లు మోగని వేళ చూసుకోవాలి, అంతే.

అసలు నా మంట తర్వాతి మెట్టు మీద. ఇంతా చేసి, ఎంపీత్రీ చేసి ఫోన్లో పంపేసి, ఒరిజినల్ చెరిపేస్తారు మహానుభావులు! సీడీ నాణ్యత వావ్ ఫైలు నిమిషానికి సుమారు 10 ఎంబీ. రెండు గంటల కథ 1.2 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో అలాంటివి ఇరవై పైనే పడతాయి. 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో మిగిలేది అందులో పదకొండో వంతు, పారేసింది మళ్ళీ రాదు.

ఇంకోటి, పెన్‌డ్రైవ్ మోసుకెళ్ళడానికే, దాచడానికి కాదు. గూడెంలో కాపీ చేసింది ఏలూరులో చివరిదాకా విన్నాకే మొదటిది ముట్టుకోండి. (సేఫ్లీ రిమూవ్ అనకుండా పీకేవాళ్ళకో దణ్ణం.) ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, రాత్రంతా కథయితే ముక్కలు చేసుకోండి. ఒక కాపీ హార్డ్‌డిస్కులో పెట్టి, రెండోది కథకుడింట్లో వాళ్ళకివ్వండి. అడిగినప్పుడు కాదు, ఆ వారంలోనే.