చెవులకూ ఒక గొడుగు

పిల్లలూ! ఈ నెల ముందుగా మీకొక చిన్న పని చెబుతాను. ఈ పుటను ఒక్క నిమిషం పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, మీ చుట్టూ వినిపించే చప్పుళ్ళన్నీ వేళ్ళమీద లెక్కపెట్టండి.

లెక్కపెట్టారా? పంకా తిరిగే చప్పుడు, వంటింట్లో గిన్నెల చప్పుడు, వీధిలో మోటారు సైకిలు, పక్కింటి టీ.వీ., ఎక్కడో కుక్క అరుపు. ఎంత లేదన్నా అయిదారు ఉంటవి. మరి ఇందాక మీరు చదువుకుంటున్నప్పుడు ఇవేవీ మీకు వినిపించలేదేం? అప్పుడు మాత్రం చెవులు మూసుకుని ఉన్నారా? లేదే!

కోట గుమ్మంలో కాపలావాడు ఉన్నట్లు, మన మెదడులో కూడా ఒక కాపలా ఏర్పాటు ఉన్నది. కళ్ళు, చెవులు, ముక్కు, నాలుక, చర్మం క్షణానికి ఎన్నో కబుర్లు పంపుతూనే ఉంటవి. అందులో పనికివచ్చే వాటినే మెదడు లోపలికి రానిచ్చి, తక్కినవాటిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. పొద్దున తొడుక్కున్న చొక్కా సంగతి మీరు కాసేపటికే మరిచిపోయేది ఇందుచేతనే.

అయితే కొందరి మెదడులో ఈ కాపలా ఇంకో తీరుగా ఉంటుంది. వచ్చిన కబురునల్లా లోపలికి వదిలేస్తుంది. ఒక్కసారిగా అన్నీ మీద పడేసరికి వారు ఉక్కిరిబిక్కిరి అయిపోతారు. బడిగంట వారికి చెవిలో మేకు దిగినట్లుంటుంది. చొక్కా మెడ దగ్గర కుట్టిన గుడ్డ చీటీ ముల్లులా గుచ్చుకుంటుంది. ఆటిజం గల పిల్లల్లో చాలామందికి ఈ బాధ ఉన్నది. పార్శ్వపు తలనొప్పి వచ్చినప్పుడు పెద్దవారు కొందరు వెలుతురూ చప్పుడూ భరించలేక గది తలుపులు మూసుకుంటారే, ఆ బాధ చూస్తే దీని సంగతి కొంత అర్థమవుతుంది.

ఇలాంటివారికి ఉపయోగపడే సాధనాలు ఈనాడు కొన్ని ఉన్నవి. అవి ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలంటే మనం మూడు జిల్లాలు తిరిగి రావాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డ జిల్లాలే. పదండి!

ముందు జనగామ దగ్గరి పెంబర్తికి పోదాం. ఇత్తడి రేకుమీద నగిషీ పనికి ఈ ఊరు పెట్టింది పేరు. 2010లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రేకు కింద లక్క పరచి, పైనుంచి ఉలి పెట్టి సుత్తితో కొట్టి పువ్వులూ లతలూ తీస్తారు. ఠంగు! ఠంగు! దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం. ఇది ఉన్నట్టుండి వచ్చే చప్పుడు.

చప్పుడును డెసిబెల్లలో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్లు. ఈ లెక్కలో ఒక తిరకాసు ఉన్నది. 10 డెసిబెల్లు పెరిగితే ధ్వని శక్తి 10 రెట్లవుతుంది. 20 పెరిగితే 100 రెట్లు, 30 పెరిగితే 1000 రెట్లు! 85 డెసిబెల్ల చప్పుడులో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ళ తరబడి పనిచేస్తే ఎవరి చెవులకైనా ముప్పే.

ఉన్నట్టుండి వచ్చే చప్పుడుకు తగిన సాధనం ఇయర్‌మఫ్. రెండు దొప్పలు రెండు చెవులనూ పూర్తిగా కప్పేస్తవి. పైన గట్టి ప్లాస్టిక్, లోపల మెత్తని స్పంజి. చప్పుడును గట్టి భాగం అడ్డుకుంటే, మెత్తని భాగం పీల్చుకుంటుంది. చెవిలో పెట్టుకునే మెత్తని బిరడాలు కూడా ఉన్నవి. మంచి రకానివి సరిగా పెట్టుకుంటే 20 డెసిబెల్లకు పైగానే తగ్గిస్తవి. "దూది పెట్టుకుంటే చాలదా?" అంటారేమో! దూదిలోనుంచి గాలి పోతుంది, గాలితోపాటు చప్పుడూ పోతుంది. అందుచేత చాలదు.

ఇక మహబూబాబాద్ జిల్లాకు పోదాం. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గంలో డోర్నకల్ జంక్షన్ ఉన్నది. రైలు పెట్టెలో కూర్చుంటే ఆగకుండా "హుమ్మ్" మని ఒకే తీరుగా మోత. ఇది రెండో రకం చప్పుడు. దీనిని అడ్డుకోవడానికి ఒక గమ్మత్తయిన ఉపాయం ఉన్నది. చప్పుడును చప్పుడుతోనే కొట్టడం!

ధ్వని గాలిలో అలలుగా వస్తుంది. అలకు మిట్టా ఉంటుంది, పల్లమూ ఉంటుంది. గుంటలో మట్టికుప్పను నెడితే నేల చదునైపోతుంది కదా! అలాగే వచ్చే అల మిట్టకు సరిగ్గా పల్లం, పల్లానికి సరిగ్గా మిట్ట ఎదురుపెడితే రెండూ ఒకదానినొకటి మింగేస్తవి. పాల్ ల్యూగ్ అనే జర్మనీ దేశస్థుడు ఈ ఊహకు 1936లో అమెరికాలో పేటెంటు పొందాడు. 1978లో అమర్ బోస్ అనే ఆచార్యుడు యూరప్ నుంచి అమెరికాకు విమానంలో పోతూ, ఆ మోతలో సంగీతం సరిగా వినలేక, దారిలోనే కాగితం తీసి లెక్కలు వేశాడు. ఆయన తండ్రి బెంగాలు నుంచి అమెరికా వెళ్ళినవాడు. 1989లో ఆయన కంపెనీ విమానం నడిపేవారికోసం ఇలాంటి హెడ్‌ఫోన్ అమ్మకానికి తెచ్చింది. అందులోని చిన్న మైకు బయటి మోతను విని, దానికి ఎదురు అలను వెంటనే పుట్టిస్తుంది. అయితే ఇది ఒకే తీరు మోతకే బాగా పనిచేస్తుంది. పెంబర్తి సుత్తి దెబ్బ ముందర దీని ఆట అంతగా సాగదు.

మూడవది భూపాలపల్లి. ఇక్కడ సింగరేణి బొగ్గు బాయిలు ఉన్నవి, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ విద్యుత్కేంద్రం ఉన్నది. చప్పుడు హెచ్చుగా ఉండే యంత్రాల దగ్గర పనిచేసేవారు చెవులకు రక్షణ పెట్టుకోవాలి. బాయి పని నుంచి వచ్చే మీ నాన్నగారినో, బాబాయినో అడిగి చూడండి. తలకు టోపీ, కాళ్ళకు బూట్లు ఎలాగో, చెవులకు ఇదీ అంతే. వారిని చూసి ఎవరైనా నవ్వుతారా?

ఇప్పుడు మేడారం జాతరను తలుచుకోండి. 2019లో ములుగు జిల్లా ఏర్పడేదాకా మేడారం భూపాలపల్లి జిల్లాలోదే. రెండేళ్ళకొకసారి సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర డోలు మోత, శివసత్తుల పూనకాలు, జంపన్నవాగులో జనం, ఎర్రని దుమ్ము, బంగారమని పిలుచుకునే బెల్లం వాసన! మనకది పండుగ. అన్నీ ఒక్కసారిగా మీదపడే పిల్లవాడికి అదే గండం. కాబట్టి, అమ్మలూ నాన్నలూ! అలాంటి బిడ్డను రద్దీ లేని వేళ తీసుకుపోండి. చెవులకు ఇయర్‌మఫ్, ఎండకు అంచున్న టోపీ, నల్ల కళ్ళద్దాలు, ఒంటికి మెత్తని పాత చొక్కా వెంట ఉంచుకోండి.

ఇంకొక వింత చెబుతాను. అమెరికాలో 1947లో పుట్టిన టెంపుల్ గ్రాండిన్ అనే ఆమెకు చిన్ననాటి నుంచీ ఈ బాధ ఉన్నది. పశువులకు టీకాలు వేసేటప్పుడు కదలకుండా రెండు పక్కలా పలకలతో నొక్కిపట్టడం, వాటిలో కొన్ని అప్పుడు నెమ్మదించడం ఆమె చూసింది. 18 ఏళ్ళ వయసులో తనకోసం అలాంటి యంత్రమే తయారు చేసుకున్నది! తరవాత ఆమె పశుశాస్త్రంలో పెద్ద ఆచార్యురాలు అయింది. ఒంటిని మెత్తగా నొక్కిపట్టే బరువు కోట్లు కూడా ఈనాడు దొరుకుతున్నవి. అవి కొందరికి హాయినిస్తవి, కొందరికి ఏమీ చేయవు. కనుక వైద్యుల సలహా లేకుండా కొనకండి.

సాధనం ఏదైనా రోజంతా పెట్టుకోరాదు. చీకట్లో ఉన్న కళ్ళకు చిన్న దీపం కూడా మిరుమిట్లు గొలిపినట్లే, ఎప్పుడూ నిశ్శబ్దంలో ఉన్న చెవులకు చిన్న చప్పుడు కూడా పెద్దదవుతుంది. రోడ్డు మీదా, రైలు పట్టాల దగ్గరా అసలే పెట్టుకోరాదు.

ఇలాంటి బిడ్డల తల్లిదండ్రులు బెదిరిపోనక్కరలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 రకాలలో ఆటిజం ఒకటి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నవి. సికింద్రాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉన్నది. చప్పుడుకూ చట్టం ఉన్నది. 2000 నాటి నిబంధనల ప్రకారం బడులూ ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, మైకులు మోగించరాదు. బరాత్‌లో పెద్ద డబ్బాలు పెట్టించే మామయ్యలకు ఈ సంగతి మీరే చెప్పండి!

మీరే చేసి చూడండి: అలారం గడియారాన్ని మోగించి పలచని దూదిలో చుట్టండి. తరవాత గొంగడిలో చుట్టండి. ఆ తరవాత గొంగడితో సహా మూత ఉన్న పెట్టెలో పెట్టండి. ఎప్పుడు ఎక్కువ తగ్గింది? ఇయర్‌మఫ్ లోపల మెత్తగా, పైన గట్టిగా ఎందుకుంటుందో మీకే తెలుస్తుంది.

చివరగా ఒక్క మాట. మీ తరగతిలో గంట కొట్టగానే చెవులు మూసుకునే పిల్ల ఉండవచ్చు. బతుకమ్మ ఆటలో మైకు దగ్గరికి రానని ఏడ్చే తమ్ముడు ఉండవచ్చు. అది పెంకితనమూ కాదు, పిరికితనమూ కాదు. ఎండలో గొడుగు వేసుకున్నవాణ్ణి చూసి మీరు నవ్వరు కదా! చెవులకు గొడుగు వేసుకున్నవాణ్ణి చూసీ నవ్వకండి. గంట కొట్టే ముందు, "ఇప్పుడు గంట కొడతారు" అని మెల్లగా చెప్పండి. కాణీ ఖర్చు లేని సాధనం అది. మీ దగ్గర ఇప్పుడే ఉన్నది.